ముందుకు వంగితే తగ్గే నొప్పి

“కృప ప్రార్థనలో ఉంది శౌరమ్మా, ఇప్పుడు పిలవను. కూర్చుంటే కూర్చో, లేదంటే అరగంటాగి రా.”

వరండాలో సంపూర్ణమ్మ గొంతు తగ్గించి చెప్పిన మాట లోపలి గదిలో ఉన్న కోడలికి స్పష్టంగానే వినబడింది. గొంతు తగ్గించడం సంపూర్ణమ్మకు అలవాటు లేని పని. క్రీస్తురాజపురంలో ఆ సందులో ఆవిడ వంకాయలు బేరమాడితే నాలుగో ఇంటివాళ్ళకు ధర తెలిసిపోతుంది. అంతటి మనిషి ఇప్పుడు కోడలి కోసం గుసగుసలాడుతోంది.

కృప మంచం పక్కన నేల మీద మోకరించి ఉంది. రెండు దిళ్ళు పొట్టకు అదుముకుని, ఒళ్ళంతా ముందుకు వంచి, నుదురు పరుపుకు ఆనించింది. చేతులు జోడించి లేవు. దుప్పటిని గుప్పిళ్ళతో పట్టుకుని ఉన్నాయి. పెదవులు మాత్రం కదులుతున్నాయి. తలుపు సందులోంచి చూసినవాళ్ళెవరైనా ప్రార్థనే అనుకుంటారు.

ఆమె అంకెలు లెక్కపెడుతోంది. వంద దాకా వెళ్ళి మళ్ళీ ఒకటి నుంచి మొదలు. రొమ్ము ఎముక కింద పుట్టి వీపులోకి దిగిన నొప్పి, మూడో వంద పూర్తయ్యేసరికి కాస్త పట్టు సడలిస్తుంది. కదలకూడదు. ఏమాత్రం నిటారుగా లేచినా మళ్ళీ పట్టేస్తుంది.

ఇది మొదలై ఆరు నెలలైంది. తొంభై తొమ్మిది ఫిబ్రవరిలో, గన్నవరంలో స్టీఫెన్ మేనమామ కొత్తగా కట్టిన ఇంటికి ప్రతిష్ఠ కూటం పెట్టాడు. రెండొందల మంది. కోడళ్ళందరూ కొంగులు దోపి వడ్డనకు దిగారు. మగవాళ్ళ పంక్తి, పెద్దవాళ్ళ పంక్తి, పిల్లల పంక్తి, మళ్ళీ ఆలస్యంగా వచ్చిన మగవాళ్ళ పంక్తి అయ్యాక, సాయంత్రం నాలుగింటికి కృప కూర్చుంది. డేగిసా అడుగున నూనె ఓడుతున్న బిర్యానీ మిగిలింది. ఆకలి మీద అదే తినేసింది. తిరుగు బస్సు రామవరప్పాడు దాటేలోపల పొట్టలో ఎవరో పిడికిలి బిగించినట్టయింది.

“గ్యాసు,” అన్నాడు స్టీఫెన్, ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ. “ఆడాళ్ళు వేళకి తినరు, తర్వాత మా ప్రాణం తీస్తారు. వాము నమిలి పడుకో.”

“పడుకోవే తల్లీ, సర్దుకుంటది,” అంది సంపూర్ణమ్మ.

పధ్నాలుగేళ్ళ కాపురంలో పగటిపూట ఆమెను పడుకోమన్న మనిషి లేడు. కాన్పైన పన్నెండో రోజున కూడా పచ్చడి మిరపకాయలకు తొడిమలు తీసింది. మొట్టమొదటిసారి ఆ మాట అన్నారు కదా అని సంతోషంగా వెళ్ళి వెల్లకిలా పడుకుంది. అంతే, నొప్పి రెండింతలైంది. ఎవరో గుండె కింద మోకాలు పెట్టి నేలకేసి నొక్కుతున్నట్టు ఊపిరి ఆగిపోయింది. ఎడమపక్కకు తిరిగి మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుంటే కొంచెం నయం. లేచి కూర్చుంటే ఇంకొంచెం. కూర్చుని ముందుకు వంగితే, మాట్లాడగలిగేంత. ఇలా ఒక్కొక్కటే పరీక్షించుకుంటూ, ఎవరికీ చెప్పకుండా, తన ఒంటి మీద తానే దర్యాప్తు జరుపుకుంది. మంచం ఎత్తు, మోకాళ్ళ కింద చాప, పొట్ట కింద రెండు దిళ్ళు, అన్నీ కుదిరేసరికి మార్చి నెల వచ్చింది, మూడుసార్లు నొప్పి వచ్చిపోయింది.

ఆ మూడోసారే సంపూర్ణమ్మ తలుపు తోసింది. “అన్నం మాడుతుంటే ఏం చేస్తున్నావే...” అంటూ సగంలో ఆగిపోయింది. మోకాళ్ళ మీద ఉన్న కోడలు, వంచిన తల, కదులుతున్న పెదవులు. ఆవిడ నాలుక కరుచుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళి, అన్నం తనే దించింది.

కృప ఆ రోజు చాలాసేపు లేవలేదు. నొప్పి తగ్గాక కూడా. పెళ్ళైన దగ్గర్నుంచి ఆ ఇంట్లో తను ఉన్న గదిలోకి ఎవరైనా ఎప్పుడైనా రావచ్చు. చీర మార్చుకుంటుంటే పిలుస్తారు, స్నానాల గది బయట నిలబడి చక్కెర డబ్బా ఎక్కడుందని అడుగుతారు. రావడానికి జంకి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయిన అడుగుల చప్పుడు ఆమె అదే మొదటిసారి వినడం. అప్పుడే నోరు తెరిచి చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ పావుగంట ఆమెకు అంత కమ్మగా ఉంది.

తర్వాత సంగతులు వాటంతటవే జరిగిపోయాయి. తింటే నొప్పి వస్తోందని తెలిసి రాత్రి భోజనం మానేసింది. దానికి ఉపవాసం అని పేరొచ్చింది. నూనె వాసనకు వాంతి వస్తుందని మాంసం ముట్టుకోలేదు. కోడలు మొక్కుకుందని సంపూర్ణమ్మ చర్చి మెట్ల మీద నిలబడి చెప్పింది. చెంపలు లోపలికి పోయాయి, కళ్ళ కింద నల్లబడింది. “మొహంలో ఏదో కళ వచ్చిందండీ,” అన్నారు స్త్రీల సమాజం వాళ్ళు. ఆ సమాజానికి అధ్యక్షురాలు అమలమ్మ గారు, రిటైరైన హెడ్మిస్ట్రెస్, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక స్వయంగా వచ్చి చెయ్యి పట్టుకుంది. “మా మనవడి ఇంటర్వ్యూ ఉందమ్మా. నీ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకో.”

అక్కడి నుంచి కాగితాలు రావడం మొదలైంది. కొడుకు ట్రాన్స్‌ఫర్, మరిది తాగుడు, గర్భసంచిలో గడ్డ. నోటుబుక్కులోంచి చింపిన చిన్న చిన్న ముక్కలు. పక్కింటి శౌరమ్మ మూడు తెచ్చింది, మూడూ కూతురు సుందరి సంబంధం గురించే. జూన్‌లో ఆ సంబంధం కుదిరింది. శౌరమ్మ వచ్చి కృప కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చేసింది. అంతమంది ఆడవాళ్ళు వచ్చి తమ బాధ చెప్పుకుని వెళ్ళారు గానీ, నీకేమైనా బాధ ఉందా అమ్మా అని అడిగిన మనిషి ఒక్కరూ లేరు. దేవుడితో అంత దగ్గరగా మాట్లాడే మనిషికి బాధలేముంటాయి?

ప్రార్థన కృపకు రాక కాదు. చిన్నప్పుడు పామర్రులో, నాన్న సైకిలు మీద ముందు కూర్చుని వెళ్తూ తోచినవన్నీ దేవుడికి చెప్పేది. ఇప్పుడు మోకరించగానే అంకెలే వస్తున్నాయి. ఇంకో సంగతి ఉంది, అది తలుచుకుంటే ఆమెకు నొప్పి కంటే ఎక్కువ భయం వేసేది. జూలైలో ఒక మధ్యాహ్నం, ఆడబిడ్డ కుటుంబం భోజనానికి వచ్చిన రోజు, గిన్నెలు తోమి నడుము విరిగిన కృప నొప్పి ఏమీ లేకుండానే గదిలోకి వెళ్ళి మోకరించింది. పరుపు మీద తల పెట్టి నలభై నిమిషాలు నిద్రపోయింది. బయట సంపూర్ణమ్మ అందర్నీ ష్ ష్ అంటూ అదిలించడం కలలో వినబడింది. లేచాక, తను చేస్తున్నది ఏమిటో ఆమెకు మొదటిసారి పూర్తిగా అర్థమైంది. ఇక నిజం చెప్తే నొప్పి ఒక్కటే బయటపడదు.

స్టీఫెన్‌కు మాత్రం ఈ భక్తి నచ్చలేదు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో క్లర్కు అతను. ఉదయం ఆరున్నరకు కంపెనీ బస్సెక్కితే సాయంత్రం దిగుతాడు. దిగాక అతనికి వేడి అన్నం, ఇస్త్రీ బట్టలు, మంచం మీద మనిషి కావాలి. మంచం మీద మనిషి దిండు ఒళ్ళో పెట్టుకుని గోడవైపు ముడుచుకుని కూర్చుంటోంది. దగ్గరికి తీసుకోబోతే, వెల్లకిలా తిరగగానే మూలుగుతోంది. “నీకు మొగుడి కంటే దేవుడి మీదే మోజెక్కువైంది,” అన్నాడొకసారి. ఇంకోసారి, “పాస్టరు గారిని అడుగుతా, పెళ్ళాం ఏడాది పొడుగునా ఉపవాసం ఉండొచ్చా అని.” అతనికి తెలివైన మాట అన్నానన్న తృప్తి కూడా కలిగింది. మూలుగు ఎందుకని అడగడం అతనికి తోచలేదు.

పటమటలో ఆమె పాఠాలు చెప్పే ఇంగ్లీషు మీడియం స్కూల్లో టీచర్లకు కుర్చీలు లేవు. ఉన్నవాటిని ప్రిన్సిపాల్ మేడమ్ తీయించేసింది. కుర్చీ ఉంటే కూర్చుంటారు, కూర్చుంటే కునుకుతారని ఆవిడ సిద్ధాంతం. కృప చివరి బెంచీ దగ్గరికి వెళ్ళి, డెస్కు అంచు పొట్టకు ఆనించుకుని, వంగి నోటుబుక్కులు దిద్దేది. వెనక బెంచీ పిల్లల మీద ప్రత్యేక శ్రద్ధ అని మీటింగులో మెచ్చుకున్నారు.

ఆగస్టులో ఒక మంగళవారం, బోర్డు తుడుస్తుంటే కుడిచేతి గాజు దానంతటది జారి, మోచేతి మీదుగా కాకుండా వేళ్ళ మీదుగా నేల మీద పడింది. మూడో తరగతి పిల్లలు గొల్లున నవ్వారు. కృప వంగి గాజు తీసి మళ్ళీ తొడుక్కుంది. చెయ్యి ముడవకుండానే మణికట్టు దాకా వెళ్ళింది. తన చేతిని తనే పరాయిదానిలా చూసుకుంది. మొన్న ఆదివారం వచ్చిన నొప్పి ఆరు వందలు లెక్కపెట్టేదాకా పోలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. స్కూలు వదలగానే ఇంటికి పోకుండా బెంజ్ సర్కిల్ దగ్గర ఆటో దిగి, మేడ మీద ఉన్న ఒక నర్సింగ్ హోమ్‌లో చీటీ రాయించుకుంది.

డాక్టర్ సుధామణికి యాభై ఏళ్ళుంటాయి. కృప లోపలికి వచ్చి కూర్చోగానే చెయ్యెత్తి ఆపింది.

“ఆగండి, మీరు చెప్పొద్దు. ఇందాకట్నుంచి తలుపులోంచి చూస్తున్నా. బయట అందరూ గోడకి ఆనుకుని కూర్చున్నారు. మీరొక్కరే హ్యాండ్‌బ్యాగు పొట్టకి నొక్కుకుని వంగి కూర్చున్నారు. వెల్లకిలా పడుకుంటే నొప్పి ఎక్కువవుతుంది. అవునా?”

“అవునండీ.”

“వీపులోకి పోతుంది.”

“అవునండీ.”

“ముందుకు వంగితే తగ్గుతుంది.”

ఈసారి కృపకు ఏడుపు వచ్చేసింది. ఆరు నెలలుగా ఒంటరిగా మోస్తున్న దాన్ని ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఒక్క చూపులో చూసేసింది. ఆమె ఏడుస్తుంటే డాక్టరమ్మ ఓదార్చలేదు. రక్తం తీయించి, స్కానింగ్‌కు పంపింది. స్కానింగ్ బల్ల మీద పది నిమిషాలు వెల్లకిలా పడుకోవడానికి కృప పళ్ళు బిగబట్టాల్సి వచ్చింది.

“గాల్ బ్లాడర్ నిండా రాళ్ళు,” అంది డాక్టరమ్మ ఫిల్ము వెలుతురుకు ఎత్తి పట్టి. “అందులో చిన్నదొకటి జారి దారికి అడ్డం పడినప్పుడల్లా పాంక్రియాస్ వాస్తోంది. క్లోమం అంటారు మన భాషలో. పొట్టకి వెనకాల, వెన్నెముకకి ఆనుకుని ఉంటుంది. వెల్లకిలా పడుకుంటే పైనున్న బరువంతా దాని మీద, కింద వెన్నెముక. మధ్యలో నలుగుతుంది. వంగితే ఆ ఒత్తిడి కాస్త తగ్గుతుంది, అంతే.”

“వంగితే తగ్గుతోంది కదండీ. ఇంకొన్నాళ్ళు...”

“తగ్గేది నొప్పి. వాపు కాదు. మీరెంత బాగా వంగినా లోపల రాయి ఎక్కడికీ పోదు. ఆ వాపు పెద్దగా వచ్చిందంటే ప్రాణం మీదికొస్తుంది. ఇవాళే చేరండి.”

“శుక్రవారం మా ఇంట్లో ఉపవాస కూటం ఉందండీ. ముప్పై మంది వస్తారు. శనివారం వస్తాను.”

డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. “మీ కూటం సంగతి ఆ రాయికి తెలియదమ్మా.”

బుధవారం పొద్దున స్టీఫెన్ బూట్లు వేసుకుంటుంటే చెప్పింది. రాళ్ళున్నాయని, చేరమన్నారని.

“నాకు చెప్పకుండా వెళ్ళావా? వాళ్ళట్లాగే అంటారు, మంచాలు నిండాలిగా. శుక్రవారం అవనీ, చూద్దాం.” లేచి సంచీ తగిలించుకున్నాడు. “అయినా ఊళ్ళో వాళ్ళందరి రోగాలకీ చేస్తున్నావుగా, నీకూ ఒకటి చేసుకో.” తన మాటకు తనే నవ్వుతూ సందు చివరికి నడిచాడు. బస్సు హారన్ కొడుతోంది.

శుక్రవారం ఆమె తెల్లారకముందే లేచి ముప్పై మందికి పప్పు, పులిహోర, కోడికూర వండింది. ఉపవాసం విడిచాక తినడానికి. పదింటికి హాలు నిండింది. చాపల మీద తెల్లచీరలు, మల్లెపూలు, ఉక్క. అమలమ్మ గారు లేచి కృప భుజం మీద చెయ్యి వేసింది.

“ఈ బిడ్డను చూసి మనం నేర్చుకోవాలి. ఆరు నెలల్లో ఎంత చిక్కిపోయిందో చూడండి. శరీరాన్ని జయించడమంటే ఇదీ. ఇవాళ ప్రార్థన తనే నడిపిస్తుంది.”

సంపూర్ణమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కృప కుర్చీ ముందు మోకరించి, ముందుకు వంగి, నుదురు ఆనించింది. అందరూ కళ్ళు మూసుకున్నారు. సరిగ్గా అప్పుడు నొప్పి వచ్చింది.

ఇది పాతది కాదు. మెట్లెక్కినట్టు రాలేదు, గోడ కూలినట్టు వచ్చింది. ఇంకా వంగింది. పొట్ట తొడలకు అంటేలా వంగింది. వంద. రెండు వందలు. ఒళ్ళంతా చల్లటి చెమట. మూడు వందలు. సడలలేదు. నోట్లోంచి మూలుగు బయటికి వచ్చింది. ఆ మూలుగు వినగానే చుట్టూ గొంతులు పెరిగాయి. “స్తోత్రం! స్తోత్రం తండ్రీ!” ఆమె ఇంకా గట్టిగా మూలిగింది. వాళ్ళు ఇంకా గట్టిగా అందుకున్నారు. ఎవరో చప్పట్లు కొట్టారు. కృప తల పక్కకు తిప్పి చూసింది. ముప్పై మొహాలు, అన్నిటికీ కళ్ళు మూసి ఉన్నాయి. ఈ గదిలో, ఇదే భంగిమలో, వీళ్ళందరి మధ్యా తను చచ్చిపోతే ఎవరికీ తెలియదు. ఎంత గాఢమైన ప్రార్థన అనుకుంటూ, కదిలించకూడదనుకుంటూ, చప్పుడు కాకుండా భోజనాలకు లేస్తారు.

“నేను ప్రార్థన చెయ్యట్లేదు,” అంది కృప.

స్తోత్రాల్లో ఆ మాట మునిగిపోయింది. రెండోసారి అంది. అమలమ్మ గారి గొంతు ఆగలేదు. మూడోసారి ఆమె రెండు చేతులూ నేలకు ఆనించి అరిచింది.

“నేను ప్రార్థన చెయ్యట్లేదు! ఎప్పుడూ చెయ్యలేదు. నాకు నొప్పి. పడుకోలేక ఇట్టా వంగుతున్నా. తినలేక మానేశా. నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళండి.”

ఒక్కొక్క గొంతే ఆగింది. ఒక్కొక్క కన్నే తెరుచుకుంది. పైన ఫ్యాను కిర్రుమంటోంది.

“సైతాను శోధన తల్లీ, శోధన,” అంది అమలమ్మ గారు.

“ఆకలికి తల తిరిగినట్టుంది,” అంది సంపూర్ణమ్మ. ఆవిడ మొహం బూడిదలా అయింది. “లోపల పడుకోబెట్టండి.”

ఇద్దరు వచ్చి భుజాలు పట్టుకుని వెనక్కి వంచబోయారు. “పడుకోబెట్టొద్దు!” కృప వాళ్ళ చేతులు విదిలించుకుంది. పాకుతూ గుమ్మం దాకా వెళ్ళింది. ఆటోను కేకేసింది శౌరమ్మ. వెంట ఎక్కింది కూడా ఆవిడొక్కతే.

ఆటో ఏలూరు రోడ్డు ఎక్కాక, ముందు సీటు కడ్డీ మీద వంగిపోయిన కృప చెవి దగ్గర ఆవిడ నెమ్మదిగా అడిగింది. “మరి మా సుందరి కోసం చెయ్యనే లేదా అమ్మా?”

“లేదు శౌరమ్మగారూ.”

ఆటో రెండు సిగ్నళ్ళు దాటింది. “అయినా కుదిరిందిగా,” అంది శౌరమ్మ, తనలో తాను. కొంగు చివరతో కృప మెడ మీద చెమట తుడిచింది.

నోటికి చుక్క నీళ్ళు కూడా ఇవ్వకుండా ఐదు రోజులు సెలైన్ మీద ఉంచారు. వాపు తగ్గాక ఆపరేషన్ అన్నారు. సంపూర్ణమ్మ రాలేదు. నూజివీడు హాస్టల్లో ఉన్న కూతురికి కబురు పెట్టలేదు, పరీక్షలట. సాయంత్రాలు కృప మంచానికి అడ్డంగా ఉన్న బల్ల మీద చేతులు పెట్టుకుని, కాస్త వంగి కూర్చుని, కిటికీలోంచి బెంజ్ సర్కిల్‌లో లారీలు తిరగడం చూసేది. పక్క మంచాలకు క్యారేజీలు వస్తుండేవి. తనకు రావడానికి ఏమీ లేదు. అయినా ఆ వారంలో ఆమెను ఎవరూ దేనికీ పిలవలేదు. ఒంటరితనం కొత్తది కాదు, ఇన్నాళ్ళూ దాని మీద పని కప్పి ఉంది. ఇప్పుడది చేతికి అందేంత దగ్గరగా వచ్చి కూర్చుంది. కృప దాన్ని కూర్చోనిచ్చింది.

ఆరో రోజున స్టీఫెన్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“అమ్మ గడప దాటట్లేదు. అందరూ అడుగుతున్నారంట, ఇన్నాళ్ళూ నటించిందా అని. అమలమ్మగారు ఒక దారి చెప్పారు. డిశ్చార్జి అయ్యాక ఆదివారం సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పు. నొప్పి భరించలేక ఏదో అనేశాను, ప్రార్థన వల్లే బతికాను అని. రెండు ముక్కలు. అందరూ సంతోషిస్తారు.”

“సాక్ష్యం చెప్తాను,” అంది కృప. “కూటంలో చెప్పిందే చెప్తాను. నిద్రపోయిన రోజు సంగతి కూడా.”

“నిద్రేంటి?”

ఆమె చెప్పింది. అతను విన్నాడు. అతని మొహంలో కోపం కంటే ముందు ఒక వెర్రి ఆశ్చర్యం వచ్చింది. ఇంట్లో నలభై నిమిషాలు నిద్రపోవడానికి ఒక మనిషి ఇంత నాటకం ఆడాల్సి వచ్చిందా అన్న ఆశ్చర్యమో, తనకు తెలియకుండా ఆడిందన్న ఆశ్చర్యమో ఆమెకు తేలలేదు. తేల్చుకోవాలని కూడా అనిపించలేదు.

“ఇంకో మాట,” అంది. “ఇంటికొచ్చాక రోజూ సాయంత్రం ఒక అరగంట నన్నెవరూ పిలవొద్దు.”

“ప్రార్థనకేగా? అదైతే అమ్మకి చెప్తాలే, ఏదో సర్దిచెప్పొచ్చు.”

“ప్రార్థనకి కాదు.”

“నొప్పా? ఆపరేషన్ అయ్యాక నొప్పుండదన్నారుగా.”

“నొప్పికీ కాదు. ఊరికే.”

“ఊరికే అంటే?”

“మీరు ఇంటికి రాగానే పేపరు పట్టుకుని కూర్చుంటారు చూడండి,” అంది కృప, “అట్లాగ.”